మాస్కు లోపల సీఓ2 సెన్సార్: రీడింగు 22,000 దగ్గర నిలబడిపోతోంది, తేమ 100 నుంచి దిగట్లేదు

అలిపిరి_ఈసీఈ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఎన్95 మాస్కు లోపలి గాలిని కొలిచే పరికరం చేస్తున్నాం. తిరుపతి ఆర్టీసీ బస్టాండు, లీలామహల్ సర్కిల్ దగ్గర డ్యూటీలో ఉండే ట్రాఫిక్ కానిస్టేబుళ్ళు, చిత్తూరు వైపు గ్రానైట్ కటింగ్ యూనిట్లలో పనిచేసేవాళ్ళు గంటల తరబడి మాస్కు పెట్టుకుంటారు కదా. లోపల సీఓ2 ఎంత చేరుతోంది, వేడి, తేమ ఎంత, మాస్కు ఎప్పుడు మార్చాలి అన్నది ఫోన్‌లో చూపించాలని ఆలోచన.

ఇప్పుడున్న సెటప్: సీఓ2 కొలిచే ఎస్‌సీడీ41, వేడి, తేమ కొలిచే ఎస్‌హెచ్‌టీ31 రెండూ మాస్కు లోపల, నోటికి ఎదురుగా అతికించాం. రీడింగులు చదివి ఫోన్‌కు పంపే ఈఎస్‌పీ32-సీ3 బోర్డు మాస్కు బయట చెంప దగ్గర. 150 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, టీపీ4056 ఛార్జర్ మాడ్యూల్. నాలుగు సన్నటి వైర్లు మాస్కు అంచు కిందుగా లోపలికి పోతాయి. బ్లూటూత్‌లో 5 సెకన్లకోసారి రీడింగు పంపుతాం.

సమస్యలు: మాస్కు పెట్టుకున్న మూడు నాలుగు నిమిషాలకి సీఓ2 22,000 పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) దగ్గరికి చేరి అక్కడే ఉంటోంది. గట్టిగా ఊపిరి తీసినా, మెల్లగా తీసినా పెద్ద తేడా లేదు. తేమ 100 శాతం చూపిస్తూ మాస్కు తీశాక కూడా చాలాసేపు దిగట్లేదు. బ్లూటూత్ మధ్యమధ్యలో తెగిపోతోంది. ఇంకో టీమ్ వాళ్ళు ఎంక్యూ-135 గ్యాస్ సెన్సార్ వాడమంటున్నారు, చవక కూడా. సెన్సార్ మార్చాలా, కోడ్ మార్చాలా? లోపల పీఎం2.5 (సన్నటి దుమ్ము) కూడా కొలవచ్చా?

కపిలతీర్థం:

సెన్సార్ బాగానే ఉంది, కోడ్ కూడా బాగానే ఉన్నట్టుంది. ఆ 22,000 దేని కొలత అన్నదే తేల్చుకోవాలి.

కూర్చున్న మనిషి నిమిషానికి 12 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తాడు. అంటే ఒక్కో ఊపిరికి నాలుగైదు సెకన్లు. వదిలే గాలి చివర్లో సీఓ2 దాదాపు 5 శాతం, అంటే 50,000 పీపీఎం. పీల్చేటప్పుడు ముందు మాస్కులో మిగిలిన పాతగాలి, ఆ వెనకే ఫిల్టర్ గుండా బయటిగాలి వస్తుంది. సెన్సార్ ముందు గాలి నాలుగు సెకన్లలో యాభైవేలకు ఎక్కి వెయ్యి లోపుకు దిగుతోందన్నమాట. ఎస్‌సీడీ41 స్పందన కాలం 60 సెకన్లు: గాలి మారిన నిమిషానికి ఆ మార్పులో 63 శాతం మాత్రమే చూపిస్తుంది. అది ఊపిరిని పట్టలేదు. వదిలినదీ పీల్చినదీ కలగలిపి పదిహేను ఊపిరుల సగటు ఇస్తోంది. మీ మనిషి పీల్చే గాలిలో ఉన్నది 22,000 కాదు. దీన్ని రిపోర్టులో "ప్రమాద స్థాయి" అని రాశారంటే వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. కోవిడ్ రోజుల్లో మాస్కులో మీటరు దూర్చి జనాన్ని భయపెట్టిన వీడియోల్లో చాలావాటి గుట్టు ఇదే.

పైగా దాని కచ్చితత్వానికి తయారీదారు హామీ ఇచ్చేది 400 నుంచి 5,000 పీపీఎం వరకే. 40,000 దాకా అంకె బయటికి వస్తుంది గానీ, 5,000 పైన దాన్ని నమ్మి లెక్కలు వేయకూడదు. ఇంకో సంగతి, ఆటోమేటిక్ సెల్ఫ్ కాలిబ్రేషన్ (సెన్సార్ తనను తానే సరిచేసుకోవడం) ఆన్‌లో ఉంటే వెంటనే ఆపేయండి. వారంలో ఒక్కసారైనా బయటి స్వచ్ఛమైన గాలి తగిలి ఉంటుందని అది అనుకుంటుంది. పరికరం ఎప్పుడూ మాస్కులోనో, తలుపులేసిన ల్యాబ్‌లోనో ఉంటే అక్కడి తక్కువ రీడింగునే 400 అనుకుని మొత్తం స్కేలును కిందికి లాగేస్తుంది.

అసలు కావాల్సింది పీల్చిన గాలిలో ఎంత ఉందన్నది. చేత్తో లెక్క వేయండి. ఒక్క ఊపిరి 500 మి.లీ., మాస్కుకూ ముఖానికీ మధ్య ఖాళీ 150 మి.లీ. అనుకుందాం. ఆ ఖాళీ మొత్తం 4 శాతం గాలితో నిండి ఉంటే, 150ని 4తో గుణించి 500తో భాగిస్తే 1.2 శాతం, అంటే 12,000. లోపల గాలి కలిసిపోవడం వల్ల అసలు విలువ ఇంతకన్నా తక్కువే ఉంటుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 149 ప్రకారం పీల్చే గాలిలో సీఓ2 1 శాతం దాటకూడదు. మన దగ్గర ఇలాంటి మాస్కులకు ఐఎస్ 9473 ప్రమాణం ఉంది. ఈఎన్ 149 పరీక్షను మనిషి మీద చేయరు. బొమ్మ తలకు మాస్కు తగిలించి, నిమిషానికి 25 సార్లు, సారికి 2 లీటర్ల చొప్పున, 5 శాతం సీఓ2తో ఊపిరి యంత్రం నడుపుతారు. 2 లీటర్లలో మాస్కు ఖాళీ వాటా చిన్నది, 500 మి.లీ.లో అదే పెద్దది. కాబట్టి కూర్చున్న మనిషి మీద వచ్చిన మీ అంకెను తెచ్చి నేరుగా ఆ 1 శాతం పక్కన పెట్టి "మాస్కు ఫెయిల్" అనకండి.

సెన్సార్ మాటకొస్తే, ఊపిరి ఆకారం కావాలంటే సెకనుకు కనీసం 10 రీడింగులు ఇచ్చేది ఉండాలి. స్ప్రింట్‌ఐఆర్ రకం ఎన్‌డీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో కొలిచే) సెన్సార్లు సెకనుకు 20 ఇస్తాయి, 5 శాతం, 20 శాతం రేంజిల్లో దొరుకుతాయి. మీరు 20 శాతంది తీసుకోండి, 5 శాతం రేంజి ఊపిరి చివర్లో గోడకు కొట్టుకుంటుంది. ఖరీదు మాత్రం ఎస్‌సీడీ41కి చాలా పైన. చవకలో కావాలంటే ఎస్‌టీసీ31 ఉంది. గాలి వేడిని ఎంత బాగా మోస్తుందో కొలిచి సీఓ2 లెక్కగడుతుంది, స్పందన సెకను లోపే. కానీ తప్పు 0.5 శాతం దాకా ఉండొచ్చు. మీరు కొలవబోయేదే 1 శాతం చుట్టూ కాబట్టి ఊపిరి ఆకారం చూడడానికి పనికొస్తుంది, పీల్చిన గాలి విలువ తేల్చడానికి పనికిరాదు. దానికి ఉష్ణోగ్రత, తేమ, పీడనం ప్రతిసారీ రాసి ఇవ్వాలి కూడా. 34 డిగ్రీల తడిగాలిలో నీటి ఆవిరే 5 శాతానికి పైన ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే రీడింగు మొత్తం తప్పు.

ఎంక్యూ-135 సంగతి: అది సీఓ2 సెన్సారే కాదు. అమోనియా, ఆల్కహాల్, పొగ ఏది తగిలినా కదులుతుంది. లోపలి హీటరు 5 వోల్టుల మీద 150 మిల్లీ ఆంపియర్ల దాకా తాగుతూ ఒళ్ళు కాలేంత వేడెక్కుతుంది. ముఖం దగ్గర ఆ మాటే వద్దు. ఎస్‌జీపీ30, సీసీఎస్811 లాంటి గ్యాస్ సెన్సార్లు ఇచ్చే "ఈసీఓ2" కూడా ఊహే, ఇతర వాయువులను చూసి కట్టిన అంచనా. టిఫిన్‌లో ఉల్లిపాయ తిన్నా అది మారుతుంది.

పలమనేరు_హార్డ్‌వేర్:

సీఓ2 గురించి పైన అన్న చెప్పేశారు. నేను ముందు బ్యాటరీ మాట చెప్తా, ఎందుకంటే అది ముఖానికి అంగుళం దూరంలో ఉంది.

టీపీ4056 మాడ్యూల్‌తో వచ్చే ప్రోగ్ రెసిస్టర్ (ఛార్జింగ్ కరెంటును నిర్ణయించేది) 1.2 కిలోఓమ్. అంటే ఛార్జింగ్ కరెంటు 1 ఆంపియర్. మీది 150 ఎంఏహెచ్ సెల్లు. దాని సామర్థ్యానికి ఆరేడు రెట్ల కరెంటు తోస్తున్నారు. సెల్లు ఉబ్బుతుంది, ఉబ్బినది కాలుతుంది. ఇవాళే ఆ రెసిస్టర్ తీసి 10 కిలోఓమ్ వేయండి, 130 మిల్లీ ఆంపియర్లకు దిగుతుంది. ఇప్పటికే ఇలా ఛార్జ్ చేసిన సెల్లు రవ్వంత మెత్తగా, ఉబ్బుగా అనిపించినా పక్కన పడేయండి. మళ్ళీ కట్టేటప్పుడు బ్యాటరీని మాస్కు మీద వద్దు, కాలర్ దగ్గరికో జేబులోకో మార్చండి.

బ్లూటూత్ తెగడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఎస్‌సీడీ41 సగటున 15 మిల్లీ ఆంపియర్లే తీసుకున్నా, కొలిచే క్షణంలో 200 దాకా లాగుతుంది. చిన్న సెల్లు, సన్న వైర్లు, అదే రెగ్యులేటర్ మీద ఈఎస్‌పీ32 రేడియో. వోల్టేజీ కుంగి బోర్డు రీసెట్ అవుతోంది. బోర్డు లేవగానే రీసెట్ కారణం ప్రింట్ చేయించండి, బ్రౌన్‌అవుట్ (వోల్టేజీ కుంగడం) అని వస్తే ఇదే. సెన్సార్‌కు విడిగా ఏపీ2112కే-3.3 లాంటి 600 మిల్లీ ఆంపియర్ల రెగ్యులేటర్, దాని కాళ్ళ దగ్గరే 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే సర్దుకుంటుంది. బ్రౌన్‌అవుట్ కాకపోతే రెండోది: యాంటెన్నా చెంపకు ఆనుకుని ఉంది. 2.4 గిగాహెర్ట్జ్‌ను ఒళ్ళు బాగా మింగేస్తుంది. యాంటెన్నా వైపును ఒంటికి కనీసం సెంటీమీటరు ఎడంగా, బయటికి చూసేలా తిప్పండి.

తేమ 100 చూపించడంలో తప్పేమీ లేదు. వదిలే గాలి 34 డిగ్రీల దగ్గర పూర్తిగా తడిసిన గాలి. సెన్సార్ దానికన్నా చల్లగా ఉంటే మీద నీటిపొర కడుతుంది, అది ఆరేదాకా 100 నుంచి దిగదు. ఇక్కడో తమాషా ఉంది. మే నెల మధ్యాహ్నం తిరుపతిలో బయట 41, 42 డిగ్రీలు ఉన్నప్పుడు పరీక్షిస్తే అన్నీ 34 పైనే వేడెక్కి ఉంటాయి, చెమ్మ కట్టదు, మీ పరికరం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అదే డిసెంబర్ తెల్లవారుజామున బయటికి తీసుకుపోతే అరగంటలో ముద్దయిపోతుంది. పరీక్ష చలిలో పెట్టుకోండి. ఎస్‌హెచ్‌టీ31 బదులు ఎస్‌హెచ్‌టీ40 వేస్తే అందులో 200 మిల్లీవాట్ల వరకు హీటరు ఉంది, సెకను పల్సులతో నీటిపొరను ఆరగొట్టొచ్చు. మొత్తం సమయంలో హీటరు 10 శాతం మించకూడదు. అది వెలిగిన వెంటనే వచ్చే రీడింగులు పారేయాలి.

అసలు నన్నడిగితే మాస్కు లోపల ఎలక్ట్రానిక్స్ ఏవీ ఉంచొద్దు. ఆసుపత్రిలో ఊపిరిలోని సీఓ2 కొలిచే కాప్నోగ్రాఫ్ చేసేదే చేయండి: సన్న గొట్టంతో గాలి లాగి, కాలర్ దగ్గరి డబ్బాలో కొలవండి. గొట్టం లోపలి వ్యాసం 1 మి.మీ., పొడవు 30 సెం.మీ. అయితే అందులో పట్టే గాలి 0.24 మి.లీ. నిమిషానికి 100 మి.లీ. లాగితే గొట్టంలో ఆలస్యం 0.14 సెకను. అదే 2 మి.మీ. గొట్టమైతే 0.94 మి.లీ., ఆలస్యం అరసెకను దాటుతుంది, దారిలో గాలి కలిసి ఊపిరి ఆకారం మొద్దుబారుతుంది. సెన్సార్ గదిలో ఉన్న గాలి కూడా మారాలి కదా, దానిలో 2 మి.లీ. పడితే ఆ ఫ్లోకు ఇంకో 1.2 సెకన్లు. అందుకే ఫ్లో 200 నుంచి 250కి పెంచండి. నిమిషానికి ఆరేడు లీటర్లు పీల్చే మనిషి దగ్గర ఆ మాత్రం లాగితే పెద్ద తేడా పడదు.

వరుస ఇలా: మాస్కు, గొట్టం, చిన్న నీటి ట్రాప్, 13 మి.మీ. పీటీఎఫ్‌ఈ సిరంజి ఫిల్టర్, సెన్సార్, ఆ తర్వాత పంపు. పంపు చివర్లోనే ఉండాలి. ముందు పెడితే దాని కుదుపులు, లోపలి గాలి ఖాళీ అన్నీ రీడింగులో కలుస్తాయి. సిలికా జెల్ డబ్బా మధ్యలో పెట్టే ఆలోచన చాలామందికి వస్తుంది, వద్దు. ఆ డబ్బాలోని ఖాళీలో ఊపిర్లన్నీ కలిసి గీత చదునైపోతుంది. డబ్బు ఉంటే నఫియాన్ గొట్టం (గాలిలోని తేమను గోడ గుండా బయటికి పంపేది) ఒక జానెడు సరిపోతుంది. ఆరబెట్టిన గాలిలో సీఓ2 శాతం కాస్త పెరుగుతుందని లెక్కలో రాసుకోండి: తడిలో 4.0 ఉన్నది పొడిలో 4.2 అవుతుంది.

నీరు ఎంత దిగుతుందో అంచనా: బయట 15 డిగ్రీలుంటే ఘనమీటరు ఊపిరికి 25 గ్రాముల నీరు గొట్టం గోడలకు పడుతుంది. నిమిషానికి 200 మి.లీ. చొప్పున గంటకు 12 లీటర్లు, అందులో సగమే వదిలిన గాలి. గంటకు 0.15 మి.లీ. దగ్గర. చూడ్డానికి చుక్కలే గానీ 1 మి.మీ. గొట్టాన్ని మూసేయడానికి ఒక్క చుక్క చాలు. గొట్టం మాస్కు నుంచి కిందికే దిగాలి, మధ్యలో వంపు తిరిగి పైకి లేవకూడదు.

ఫ్లో మీటరు కొనక్కర్లేదు. 50 మి.లీ. సిరంజి పిస్టన్ తీసేసి, సన్న కొనను పంపు లాగే వైపు గొట్టానికి కలిపి, వెడల్పు నోటిని సబ్బునీళ్ళలో ముంచి తీయండి. సబ్బు పొర గీతల మీదుగా పోతుంది. 50 మి.లీ. దాటడానికి 15 సెకన్లు పడితే ఫ్లో 200.

పంపు మోటారుకు 1ఎన్5819 డయోడు అడ్డంగా పెట్టండి, లేకపోతే ఐ2సీ లైను (సెన్సార్లు బోర్డుతో మాట్లాడే తీగలు) హ్యాంగ్ అవుతుంది. పంపుతో కలిపి 130 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే 1,000 ఎంఏహెచ్ సెల్లు ఆరేడు గంటలు వస్తుంది. దానికి ప్రోగ్ రెసిస్టర్ 2 కిలోఓమ్, ఛార్జింగ్ 580 మిల్లీ ఆంపియర్లు. గొట్టాలు, కనెక్టర్లు ఇక్కడ దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఒక పూటలో పని అయిపోతుంది.

అలిపిరి_ఈసీఈ:

చాలా థాంక్స్ అన్నా. రెసిస్టర్ మార్చేశాం. ఇంకో మూడు డౌట్లు. ఒకటి, కాలిబ్రేషన్ గ్యాస్ సిలిండర్ మా ల్యాబ్‌లో లేదు. పెద్ద విలువల దగ్గర సెన్సార్ సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? రెండు, పీల్చేదీ వదిలేదీ కోడ్‌లో ఎలా విడదీయాలి? మూడు, గైడ్ గారు తిరుమల మీద కూడా రీడింగులు తీసి పోల్చమంటున్నారు. అక్కడికీ ఇక్కడికీ తేడా వస్తుందా?

స్వర్ణముఖి:

మూడోది ముందు, అదే తేలిక. తిరుమల 850 మీటర్ల పైనే ఉంది, గాలి పీడనం కింద కన్నా దాదాపు పదోవంతు తక్కువ. ఎన్‌డీఐఆర్ అయినా ఎస్‌సీడీ41 లాంటి ఫోటోఅకౌస్టిక్ (వెలుగు తగిలి పుట్టే శబ్దంతో కొలిచేది) అయినా లెక్కపెట్టేది గదిలో ఎన్ని సీఓ2 అణువులున్నాయన్నది. పీడనం తగ్గితే అణువులు తగ్గుతాయి, సరిచేయకపోతే అదే గాలికి 8, 10 శాతం తక్కువ చూపిస్తుంది. ఎస్‌సీడీ41లో ఎత్తు డిఫాల్టుగా సున్నా ఉంటుంది. ఎత్తు సెట్ చేసే కమాండ్ కన్నా, బీఎంపీ280 నుంచి వచ్చే పీడనాన్ని నిమిషానికోసారి పంపే కమాండ్ మేలు. కొలత నడుస్తున్నప్పుడే పంపొచ్చు, బస్సులో ఘాట్ ఎక్కుతున్నా దానంతటదే సరిపోతుంది. వేరే సెన్సార్ అయితే ఆ దిద్దుబాటు మీ కోడ్‌లోనే చేయండి.

సిలిండర్ లేకుండా కాలిబ్రేషన్: కింది పాయింటుకు బయటిగాలి. మేడ మీద, రోడ్డుకు దూరంగా, మనుషులు ఊపిరి తగలనంత దూరంలో మూడు నిమిషాలకు పైగా నడవనిచ్చి 425 దగ్గర ఫోర్స్‌డ్ రీకాలిబ్రేషన్ (ఇదే సరైన విలువ అని సెన్సార్‌కు చెప్పడం) ఇవ్వండి. పెద్ద పాయింటుకు వంటసోడా. 20 లీటర్ల నీళ్ళ క్యాన్ తీసుకుని, ముందు నీళ్ళు నింపి తూకం వేసి అసలు ఎన్ని లీటర్లు పడుతుందో రాసుకోండి. మెడదాకా నింపితే 20 కన్నా ఎక్కువే పడుతుంది. నీళ్ళు వంపేసి ఆరబెట్టండి. బంగారు కొట్లో వాడే 0.01 గ్రాము తక్కెడలో 1.00 గ్రాము తాజా వంటసోడా తూచండి. చిన్న గిన్నెలో సోడా పెట్టి క్యాన్‌లోకి దించి, మూతకు సూది రంధ్రం ఉంచి, సిరంజితో 25 మి.లీ. వెనిగర్ దాని మీద వదలండి. 1 గ్రాము సోడా నుంచి 27 డిగ్రీల దగ్గర 293 మి.లీ. సీఓ2 వస్తుంది. 20 లీటర్లలో అది 14,400 పీపీఎం చుట్టూ, బయటిగాలిది కలిపితే 14,900 లోపు. 0.35 గ్రాము వేస్తే 5,500 దగ్గర. లోపల 40 మి.మీ. ఫ్యాను తిప్పుతూ పది నిమిషాలు ఆగి చదవండి. సీఓ2 బరువు, ఫ్యాను లేకపోతే అడుగున ఒకటి, పైన ఒకటి వస్తుంది. పంపు నుంచి వచ్చే గాలిని మళ్ళీ క్యాన్‌లోకే పంపండి, లేకపోతే సూది రంధ్రంలోంచి బయటిగాలి చేరి విలువ పడిపోతూ ఉంటుంది. క్యాన్ గాలి తడిగా ఉంటుంది కాబట్టి నీటి ట్రాప్ తీయొద్దు. అన్నీ సరిగ్గా చేస్తే 5 శాతం లోపు తేడాలో వస్తుంది, మీ పనికి అది చాలు.

ఇంకో చెక్ ఖర్చులేనిది. మాస్కు లేకుండా గొట్టం కొన పెదవుల దగ్గర పెట్టి మామూలుగా పూర్తిగా ఊపిరి వదలండి. చివరి భాగం చదునైన మెట్టులా 4.5 నుంచి 5.5 శాతం మధ్య నిలబడాలి. మెట్టు లేకుండా 2 శాతం దగ్గర గుండ్రంగా తిరిగి దిగిపోతే సెన్సార్ వేగం చాలట్లేదు, లేదా ఎక్కడో గొట్టం లీకు, లేదా ఫ్లో తక్కువ. ఆ మెట్టు కనబడేదాకా మాస్కు జోలికి పోకండి.

ఇక విడదీయడం. మాస్కుకు రెండో గొట్టం పెట్టండి, ఇది చివర మూసి ఉండే గొట్టం, గాలి ప్రవహించదు కాబట్టి తడి పెద్దగా రాదు. దాని రెండో కొన చిన్న మూసిన గదిలో ఉన్న బీఎంపీ280కి. ఇంకో బీఎంపీ280 డబ్బాలోనే, బయటిగాలికి తెరిచి. చిరునామాలు హెక్స్ 76, 77 కాబట్టి ఒకే ఐ2సీ మీద రెండూ నడుస్తాయి. తేడా తీస్తే మాస్కు పీడనం. కూర్చున్న మనిషికి ఎన్95లో పీల్చేటప్పుడు సున్నాకు కింద కొన్ని పదుల పాస్కల్స్ వస్తాయి, సెన్సార్ గోల ఒకటి రెండు పాస్కల్స్. సెన్సార్ లోపలి ఐఐఆర్ ఫిల్టర్ (రీడింగులను నునుపు చేసేది) ఆపేయండి, అది గీతను ఆలస్యం చేస్తుంది. రెండింటి మధ్య స్థిరమైన తేడా ఎలాగూ ఉంటుంది. మాస్కు పెట్టుకోకముందు పది సెకన్ల సగటు తీసి తీసేయండి.

ఇక్కడే చాలా ప్రాజెక్టులు తప్పటడుగు వేస్తాయి. పీల్చే సమయంలోని సీఓ2 రీడింగులన్నీ కూడి సంఖ్యతో భాగిస్తారు. అలా కాదు. పీల్చడం మొదలైన క్షణంలో గాలి మెల్లగా కదులుతుంది, మధ్యలో వేగంగా. ఏ క్షణంలో ఎంత గాలి లోపలికి పోయిందో దాన్నిబట్టి బరువు ఇవ్వాలి. ఫ్లో సెన్సార్ అక్కర్లేదు: ఫిల్టర్ గుడ్డ గుండా మెల్లగా పోయే గాలికి పీడనమూ ఫ్లోనూ ఒకే నిష్పత్తిలో ఉంటాయి. కాబట్టి ప్రతి క్షణం సీఓ2ని ఆ క్షణపు పీడనంతో గుణించి, మొత్తం కూడి, పీడనాల మొత్తంతో భాగించండి. పైనా కిందా పీడనమే ఉంది కాబట్టి ఆ నిష్పత్తి విలువ తెలియకపోయినా కొట్టుకుపోతుంది. అంతకుముందు సీఓ2 గీతను గొట్టం ఆలస్యమంత ముందు సమయానికి జరపడం మరవద్దు. ఆలస్యం ఎంతన్నది లెక్కతో తేలదు, కొలవాలి: గొట్టాలు రెండూ కలిపి నోటి దగ్గర పెట్టి ఒక్కసారి "ఫ్" అని ఊది, పీడనం లేచిన క్షణానికీ సీఓ2 సగం ఎక్కిన క్షణానికీ తేడా చూడండి.

వాల్వు ఉన్న మాస్కు అయితే ఈ లెక్క పీల్చే వైపుకే పనికొస్తుంది, వదిలేటప్పుడు గాలి వాల్వులోంచి పోతుంది.

గ్రానైట్_సేఫ్టీ_చిత్తూరు:

అందరూ సీఓ2 గురించే మాట్లాడుతున్నారు. కటింగ్ యూనిట్‌లో పనిచేసేవాడికి ప్రాణం తీసేది సీఓ2 కాదు, రాతిదుమ్ములోని సిలికా. ప్రాజెక్టు గ్రానైట్ వాళ్ళ కోసం అని రాసుకుంటే ఈ ముక్కలు కూడా చూసుకోండి.

వైర్లు మాస్కు అంచు కింద నుంచి పోనిచ్చారన్నారు. అక్కడే మాస్కు పని అయిపోయింది. అంచుకూ చర్మానికీ మధ్య సన్న వైరు ఉన్నా దాని పక్కన సందు ఏర్పడుతుంది, గాలి ఫిల్టర్‌ను వదిలి ఆ సందులోంచే వస్తుంది. గొట్టం పెట్టాలంటే ఫిల్టర్ గుడ్డకే రంధ్రం చేసి, రెండువైపులా వాషర్లు ఉన్న చిన్న ప్రోబ్ బిగించాలి. ఫిట్ టెస్టింగ్‌లో (మాస్కు ముఖానికి సరిగ్గా అతికిందా చూసే పరీక్షలో) వాడేది అదే పద్ధతి. మూసుకోవడానికి సిలికాన్ వాడితే వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, అది రాగిని తినేస్తుంది, వాసన ముక్కు ముందే ఉంటుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది తీసుకుని పూర్తిగా ఆరాక వాడండి. ఫెవిక్విక్ లాంటివి మాస్కు లోపల అసలొద్దు. ఇలా రంధ్రం చేసిన మాస్కు ఇక సర్టిఫైడ్ మాస్కు కాదు. దుమ్ములో నిలబడే పనివాడికి దాన్ని రక్షణగా తొడిగించి ప్రయోగం చేయకండి. దుమ్ము లేని గదిలో, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మీద, కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతితో చేయండి. పనివాళ్ళ మీద చేయాలంటే అది వేరే స్థాయి పని.

లోపల పీఎం2.5 కొలవచ్చా అన్నారు. పీఎంఎస్7003, ఎస్‌పీఎస్30 లాంటివి లేజర్ వెలుగు చెదిరినదాన్ని లెక్కపెడతాయి. ఊపిరిలోని నీటి తుంపర్లు కూడా వాటికి దుమ్మే. తేమ 80 దాటితే బయటే ఎక్కువ చూపిస్తాయి, 100 శాతంలో వచ్చే అంకెకు అర్థం లేదు. ఆ సెన్సార్‌ను కాలర్ బయట పెట్టండి, బయటి దుమ్ము ఎంతో తెలుస్తుంది. పెట్టేముందు మీ దగ్గరున్న రెండు మూడు సెన్సార్లను ఒకే చోట రెండు రోజులు నడిపి ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా చూడండి. కాలుష్య నియంత్రణ మండలి కేంద్రాలు తిరుపతి వైకుంఠపురం, తిరుమల, చిత్తూరు గంగినేని చెరువు దగ్గర ఉన్నాయి. సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) సైట్లో గంట గంటకూ డేటా దొరుకుతుంది, దాని పక్కన మీ గీత పెట్టి చూసుకోండి.

ఆ సెన్సార్ సిలికాను, మామూలు మట్టిని వేరు చేయలేదు. సిలికా తేలాలంటే పెద్ద కణాలను వేరుచేసే సైక్లోన్ పెట్టిన పర్సనల్ పంపుతో (10 మి.మీ. నైలాన్ సైక్లోన్ అయితే నిమిషానికి 1.7 లీటర్లు) షిఫ్టంతా ఫిల్టర్ మీద దుమ్ము పట్టి, ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌కు పంపాలి. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా సిలికాకు పెట్టిన పరిమితి 8 గంటల సగటున ఘనమీటరుకు 50 మైక్రోగ్రాములు. కంటికి దుమ్మే లేదనిపించే గదిలో కూడా ఆ మాత్రం ఉండొచ్చు. అందుకే ఫోన్‌లో పచ్చరంగు చూపించి "ఇక్కడ సేఫ్" అని రాయకండి, ఆ రంగు చూసి మాస్కు తీసేసేవాడుంటాడు. బ్లేడు మీద నీళ్ళు పోస్తూ కోస్తున్నారా లేదా అన్నది మీ సెన్సార్ కన్నా ముందు చూడాల్సింది.

మాస్కు సరిగ్గా అతికిందా అన్నదానికి బయటి కణాల సంఖ్యను లోపలి సంఖ్యతో భాగించాలి. సగం ముఖం మాస్కుకు 100 దాటితే పాస్. దానికి వాడే యంత్రం వేరు, ఈ చవక లేజర్ సెన్సార్‌తో అది రాదు. తలమీద హుడ్ పెట్టి శాకరిన్ నీళ్ళు నెబ్యులైజ్ చేసి, తీపి తెలిసిందా అని అడిగే పరీక్ష చవకలో అవుతుంది. గడ్డం ఉన్నవాడి మీద ఏ పరీక్షా నిలవదు, ముందే గీయించుకోమనండి.

అలిపిరి_ఈసీఈ:

అర్థమైంది సార్. గ్రానైట్ యూనిట్ టెస్ట్ ప్లాన్‌లోంచి తీసేస్తున్నాం, కాలర్ పీఎం మాత్రం ఉంచుతాం. "మాస్కు మార్చే టైం" అన్న ఫీచర్ మాత్రం గైడ్ గారు వదలట్లేదు. దానికి సీఓ2 పనికొస్తుందా?

స్వర్ణముఖి:

సీఓ2 పనికిరాదు, మాస్కులో ఖాళీ మారదు కదా, దుమ్ము పట్టినా దాదాపు అదే విలువ వస్తుంది. పీడనం వాడండి. ఫిల్టర్‌లో దుమ్ము నిండేకొద్దీ అదే ఊపిరికి పీడనం పెరుగుతుంది. మామూలు ఊపిరి రోజంతా ఒకేలా ఉండదు కాబట్టి, కొత్త మాస్కు పెట్టిన వెంటనే కూర్చోబెట్టి, ఫోన్‌లో టిక్‌టిక్ వినిపిస్తూ రెండు సెకన్లు పీల్చడం, రెండు సెకన్లు వదలడం ఒక నిమిషం చేయించి సగటు పీడనం దాచుకోండి. రెండు గంటలకోసారి అదే నిమిషం మళ్ళీ. పెరిగితే ఫిల్టర్ మూసుకుంటోంది. తగ్గితే ఇంకా ముఖ్యం, అంచు వదులై గాలి పక్కనుంచి పోతోంది. ఎంత పెరిగితే మార్చాలన్న గీత మీ మాస్కు మోడల్ మీద మీరే పెట్టుకోవాలి. ఈఎన్ 149లో ఎఫ్ఎఫ్‌పీ2 రకానికి (ఎన్95కు దగ్గరి యూరప్ మాస్కు) నిమిషానికి 30 లీటర్ల దగ్గర 70 పాస్కల్స్, 95 లీటర్ల దగ్గర 240 పాస్కల్స్ పరిమితి. 2 సెకన్లలో 1 లీటరు పీలిస్తే సగటు ఫ్లో నిమిషానికి 30 లీటర్లే, పోల్చుకోవడానికి వీలుగా ఉంటుంది. ఒక లీటరు పీల్చాడో లేదో మాత్రం స్పైరోమీటరుతో (ఊపిరి ఎంతో కొలిచే పరికరం) ఒకసారి చూసుకోండి.

పలమనేరు_హార్డ్‌వేర్:

ఆ నిమిషం టెస్టు అప్పుడు శాంప్లింగ్ పంపు ఆపేయండి. నడుస్తుంటే దాని కుదుపు పీడనం గీతలో కనబడుతుంది, రెండు గొట్టాలూ ఒకే ప్రోబ్‌లోంచి తీసుంటే మరీ. కుదిరితే పీడనం గొట్టానికి వేరే ప్రోబ్, ముక్కు పక్కగా కాకుండా గడ్డం వైపు పెట్టండి, ముక్కులోంచి వచ్చే గాలి నేరుగా తగలదు.